మూడు మంగళవారాలు

"ముప్ఫై ఆరు!" అంది ఆఫీసులో జీతాల లెక్కలు చూసే జోయెల్, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే.

అది ఆమె వయసు కాదు. ఫ్లోరాన్ ఆమెతో మాట్లాడిన తీయని మాటల లెక్క అంతకన్నా కాదు. ఆ లెక్క పది నెలలుగా సున్నా దగ్గరే పడి ఉంది. ఈ ఏడాది ఫ్లోరాన్ ఇంటి నుంచి పనిచేసిన రోజులవి.

ఫ్లోరాన్ ఇల్లు ఫ్రాన్సులో, తియోన్‌విల్‌లో. ఉద్యోగం సరిహద్దుకు ఇవతల, లక్సెంబర్గ్‌లో. ఇంట్లో కూర్చుని పనిచేసేది ముప్ఫై నాలుగు రోజులు మించకపోతే గొడవ లేదు. ముప్ఫై అయిదో రోజు పడిందా, మొదటి రోజు నుంచీ లెక్కగట్టి ఫ్రాన్సు పన్ను అడుగుతుంది. పొద్దున రైల్లో వచ్చేవాళ్ళలో పెళ్ళిరోజు మరిచిపోయినవాళ్ళు ఉంటారేమోగాని ఈ లెక్క మరిచిపోయినవాళ్ళు ఉండరు.

"ముప్ఫై మూడే కదండీ? నేను ఫ్రిజ్ తలుపు మీద గీతలు పెట్టుకుంటూ వచ్చాను."

"మీ ఫ్రిజ్ సంతకం చెల్లదు, ఫ్లోరాన్ గారూ. మంగళవారం మీకు ఇంటి రోజు. ఇక్కడ కార్డు గీకలేదంటే ఇంట్లో ఉన్నట్టే. నవంబరులో మూడు మంగళవారాలు మీరు ఆఫీసుకు రాలేదు, సెలవూ పెట్టలేదు. మరెక్కడున్నారు? చంద్రమండలంలోనా?"

ఎక్కడున్నాడో ఫ్లోరాన్‌కు బాగా తెలుసు.

జోయెల్ మంగళవారం మధ్యాహ్నాలు ఆఫీసుకు ఎదురుగా ఉన్న బేకరీలో సూప్ తాగుతుంది. అనుకోకుండా ఎదురుపడినట్టు ఎదురుపడి, సాయంత్రం సినిమాకు వస్తారా అని అడగాలన్నది మన వీరుడి పథకం. ఇంట్లో హాయిగా కూర్చోవలసిన మనిషి వానలో తడుస్తూ మూడుసార్లు రైలెక్కాడు. పొద్దున్నే బేకరీలో మూల బల్ల పట్టుకుని, లాప్‌టాప్ తెరిచి, బుద్ధిగా పని చేసుకున్నాడు. ఆమె లోపలికి వచ్చేదాకా అంతా బాగానే ఉండేది.

మొదటిసారి లాప్‌టాప్ తెర వెనక మొహం దాచుకున్నాడు. రెండోసారి కొత్త చొక్కా వేసుకొచ్చాడు. కాలరుకు ధర చీటీ వేలాడుతోందని ఆఖరి క్షణంలో గమనించి మళ్ళీ దాక్కున్నాడు. మూడోసారి ఏకంగా చార్జరు వెతికే వంకతో బల్ల కిందికి దూరాడు. ముప్ఫై ఏళ్ళ మగాడు, పైగా ఇంజనీరు!

"దేశం అయితే లక్సెంబర్గేనండి," అన్నాడు నీళ్ళు నములుతూ.

"లక్సెంబర్గ్‌లో ఎక్కడ?"

"ఒక... బల్ల దగ్గర."

జోయెల్ నవ్వు ఆపుకున్నట్టే ఉంది. సొరుగు లాగి ఒక కాగితం అతని ముందుకు తోసింది. "ఇక్కడే పనిచేసి ఉంటే ఆ మూడు రోజులు తీసేస్తాను. ఎక్కడ కూర్చున్నారో, ఎందుకు కూర్చున్నారో నిజం రాయండి. అబద్ధమైతే ఊడేది నా ఉద్యోగం. పన్నెండింటికి ఫైలు వెళ్ళిపోతుంది. ఇప్పుడు పదకొండున్నర."

ఫ్లోరాన్ పెన్ను పట్టుకుని బిక్కమొహం వేశాడు. పన్నుదేముంది, ఏడుస్తూనైనా కట్టేసేవాడు. కాని ‘ఎందుకు’ అన్న గడి ఇవాళ ఖాళీగా వదిలేస్తే ఇంకో పది నెలలైనా తను నోరు తెరవడని అతనికి తెలుసు. రాస్తే ఆమె జాలిపడి నవ్వేస్తుందేమోనని భయం. తను ఆమెను ప్రేమిస్తున్నాడు, అది మాత్రం ఖాయం.

కళ్ళు మూసుకున్నంత పని చేసి రాసేశాడు.

‘స్థలం: ఎదుటి బేకరీ. కారణం: జోయెల్ థిల్ గారిని సినిమాకు పిలవడం. ఫలితం: మూడుసార్లూ పిలవలేదు. ఎనిమిది గంటల పని మాత్రం పూర్తిగా చేశాను.’

జోయెల్ చదివింది. మళ్ళీ చదివింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి గాని గొంతు మాత్రం ఆఫీసు గొంతే.

"రుజువు?"

అతను జేబులోంచి నలిగిన బిల్లులు తీసి పరిచాడు. తొమ్మిది కాఫీలు, మూడు ప్లమ్ పళ్ళ టార్టులు.

"ఇవి కాఫీ తాగినందుకు రుజువు. రోజంతా అక్కడే ఉన్నందుకు కాదు. చూసిన సాక్షి సంతకం కావాలి."

"బల్ల కింద ఉన్నవాణ్ణి ఎవరు చూస్తారండీ!" అన్నాడు ఫ్లోరాన్ ఏడుపు గొంతుతో.

జోయెల్ పెన్ను తీసుకుని సాక్షి అన్నచోట తన పేరు రాసింది.

"పొద్దున్న నా కిటికీలోంచి కనిపించారు, సాయంత్రం నేను వెళ్ళేటప్పుడూ కనిపించారు. మధ్యాహ్నం సరేసరి. చార్జరు బల్ల మీదే ఉంది. మీరేమో కింద వెతుకుతున్నారు."

"అంటే... మీకు అన్నీ తెలుసా?"

"మొదటి వారం సూప్ కోసమే వచ్చాను. తరవాత వాళ్ళు వంటమనిషిని మార్చారు, ఆ సూప్ నోట పెట్టలేం. అయినా రెండు వారాలు తాగాను. ఎవరి కోసమనుకున్నారు?"

"మరి పలకరించొచ్చు కదండీ!"

"మీరే వస్తారని చూశాను. దేశం దాటి వచ్చారు గాని, ఆ రెండు బల్లలు దాటి రాలేకపోయారు!"

తల కొట్టేసినట్టయింది ఫ్లోరాన్‌కు. అయినా మొహం నిండా వెర్రి నవ్వు. జోయెల్ కాగితం తీసుకుని పక్క గదిలోని తన పైఅధికారి వైరిఖ్ దగ్గరికి నడిచింది. ఫ్లోరాన్ వెనకాలే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, దీని మీద మీరు సంతకం పెట్టాలి."

"ఇలాంటివి నువ్వే చూస్తావుగా తల్లీ?"

"సాక్షిని నేనే సార్. పైగా ఈ మనిషి విషయంలో నాకు స్వార్థం ఉంది. నేను పెట్టకూడదు."

వైరిఖ్ కళ్ళజోడు సర్దుకుని కాగితమంతా చదివాడు. సంతకం పెట్టి, గుమ్మం వైపు చూశాడు. "ఏమయ్యా, ఇంత రాశావు. ఇంకా అడగనే లేదా?"

ఆఫీసులో టైపింగ్ చప్పుడు ఆగిపోయింది. ఫ్లోరాన్ చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"జోయెల్, ఇవాళ సాయంత్రం నాతో సినిమాకు వస్తారా?" గొంతు కీచుమంది. అయినా మాట పూర్తిచేశాడు.

"వస్తాను," అంది జోయెల్.