లైన్ త్రీ తెరవమన్న గొంతు

స్టెల్లాకి చావంటే భయం లేదు. కత్తన్నా, తుపాకీ అన్నా లేదు. ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే. తను ఇంట్లో లేనప్పుడు ఎవరో కొత్త మనిషి వచ్చి తన పిల్లని ఎత్తుకోవడం.

పిల్ల పేరు రూతు. ఇంకా ఏడాది నిండలేదు. పి.గన్నవరంలో అమ్మమ్మ జ్ఞానమ్మ దగ్గర ఉంటోంది. నిన్నటినుంచీ ఒళ్లు వెచ్చగా ఉంది. పైగా ఎవరు చేతులు చాపినా నవ్వుతూ వెళ్లిపోతుంది. ఆ అలవాటే స్టెల్లాకి నిద్ర పట్టనివ్వదు.

అయినా ఆ పొద్దున బయల్దేరక తప్పలేదు. కొత్తపేట రోడ్డు మీద ఒక మనిషి పీక తెగింది.

పోయినాయన నారాయణమూర్తి, కొత్తపేట బళ్లోనే పనిచేసి రిటైరైన తెలుగు మాస్టారు. పాలు పోయించుకుని సైకిల్ మీద ఇంటికి వస్తున్నాడు. వెనకనుంచి ఒక వ్యాను రాసుకుంటూ వచ్చి ఆయన్ని పడేసింది. అందులోంచి దిగిన లావుపాటి మనిషి, "అయ్యో, దెబ్బ తగిలిందాండీ మాస్టారూ" అంటూ చెయ్యందించాడు. లేవదీసిన చేత్తోనే గడ్డం పైకెత్తి, రెండో చేత్తో కొబ్బరి గెలలు నరికే కత్తి లాగాడు. ఒక్క వేటు. వ్యాను మలుపు తిరిగేసరికి రోడ్డు మీద పాలూ రక్తమూ కలిసి కాలవలోకి జారుతున్నాయి.

అంబాజీపేటలో ఎండు కొబ్బరి గోడౌను. బయట లారీకి బస్తాలు ఎక్కిస్తున్నారు.

"కురిడీ కాయల రేటెంతండీ?" అని గుమస్తాని అడిగింది స్టెల్లా.

"తేమ తగ్గేక చెప్తామండి."

"తగ్గేదాకా కూర్చుంటానండి."

కోడ్ కలిసింది. గుమస్తా బస్తాల వెనకున్న తలుపు తీశాడు. లోపల ఇంటెలిజెన్స్ చీఫ్ సుందరరావు, టేబుల్ మీద టేప్ రికార్డరు.

"కూర్చోండమ్మా. పాపకి జ్వరం ఎలా ఉంది?"

"తగ్గలేదు సార్. పని చెప్పండి."

సుందరరావు రెండు టేపులు వినిపించాడు. రెండింట్లోనూ ఒకే ఆడగొంతు, ఇంగ్లీషులో.

"మొదటిది మార్గరెట్. నార్త్ క్రౌన్ అనే డ్రిల్లింగ్ కంపెనీ మేనేజరు. ఇంగ్లండు మనిషి. సముద్రంలో రిగ్గు మీదే ఉంటుంది. అక్కడ ప్రెషర్ పెరిగితే ఒడ్డునున్న కంట్రోల్ రూముకి ఫోన్ చేసి, ఫలానా లైను తెరవమంటుంది. వెంటనే తెరవాలి. ఆలస్యమైతే రిగ్గూ, దాని మీద మనుషులూ ఉండరు."

"రెండోది?"

"అదీ మార్గరెట్టే అనుకున్నారు. కానీ ఆవిడ ఆ ఫోన్ చెయ్యలేదు. ఎవరో రిహార్సల్ వేసుకున్నారమ్మా."

స్టెల్లా మళ్లీ పెట్టి విన్నది. "ఓపెన్ లైన్ త్రీ ఫర కపుల మినిట్స్, అన్ వెయిట్ ఫ మై కాల్." ఓపెన్, లైన్, మినిట్స్ నిటారుగా నిలబడ్డాయి. వాటి మధ్య ఫర్, ఆఫ్, అండ్ మాత్రం ఉన్నాయో లేవో అన్నట్టు పెదవి చివర కరిగిపోయాయి. రెండు టేపుల్లోనూ అంతే.

"పెద్ద మాటలు ఎవరైనా అనుకరిస్తారు సార్. మనవాళ్లు దొరికిపోయేది చిన్న మాటల దగ్గరే. ప్రతి మాటకీ సమానంగా వడ్డిస్తాం మనం."

"అందుకే ఆ గొంతు పుట్టింగ్లీషు మనిషిదేనని ఢిల్లీవాళ్లు తేల్చేరు. ఎయిర్‌పోర్టుల్లో తెల్లవాళ్లని వెతుకుతున్నారు. ముఠా పేరు ఆర్కిడ్. మన గ్యాసు పైకి రాకపోతే బాగుపడే విదేశీయులు. ఏదో ఒక లైనుకి ఏదో ఒక ఊళ్లో కన్నం పెడతారు. తెరవమని ఆ గొంతు ఫోన్ చేస్తుంది. తర్వాత అగ్గిపుల్ల చాలు. రిహార్సల్లో త్రీ అంది గానీ, అసలు రోజు ఏ లైనో, ఏ ఊరో తెలీదు."

"మాస్టారిని ఎందుకు చంపేరు?"

"అదే అంతు పట్టట్లేదు. మనవరాలిని చేర్పిద్దామని అమలాపురంలో రాయల్ టంగ్ అనే స్పోకెన్ ఇంగ్లీషు ఇనిస్టిట్యూటుకి వెళ్లేరు. మర్నాడే ఇలా జరిగింది. అక్కడ టీచరు మన మనిషే. కోడ్ నేమ్ లిల్లీ. లండన్లో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు ముక్క రాదు. మీరు స్టూడెంటుగా చేరండి."

కిట్ ఇచ్చాడు. టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో ట్రాన్స్‌మిటర్. పాలపిండి డబ్బాలో, పాలపిండి కింద, పిస్టల్.

అమలాపురంలో దిగేసరికి స్టెల్లా లేదు. రూపాయి బిళ్లంత బొట్టు, జడలో కనకాంబరాలు, చేతినిండా గాజులు. కొబ్బరి వ్యాపారి భార్య ఆదిలక్ష్మి.

లిల్లీని ఇనిస్టిట్యూటులో మిస్ సోఫీ అంటారు. ఎర్ర లిప్‌స్టిక్, భుజాలు దాటని జుట్టు, నల్ల కళ్లద్దాలు. ఆవిడ స్కూటీ ఆగితే గడియారస్తంభం దగ్గర ట్రాఫిక్ ఆగుతుంది. కాల్ సెంటరు ఉద్యోగాల కోసం ఊరు ఊరంతా ఆవిడ క్లాసుకి వచ్చిపడుతోంది.

"స్టాండప్," అంది సోఫీ.

కురిడీ వ్యాపారం మానేసి హైదరాబాద్ వెళ్దామనుకుంటున్న బుల్లిరాజు లేచాడు. "ఐ వెంట్ టూ ది బజార్ ఫార్ ఏ కేజీ ఆఫ్ ఆనియన్స్." ఒక్కో మాటనీ మేకు దిగ్గొట్టినట్టు కొట్టాడు.

స్కేలు టేబుల్ మీద పేలింది. "నో. ట. ద. ఫర. అవ్." బజారు, కేజీ, ఆనియన్స్ కింద సోఫీ బోర్డు మీద లావుగా గీతలు గీసింది. మిగతా మాటల్ని చేత్తో సగం చెరిపేసింది. నోట్లోనూ అంతే చెరిగినట్టు వినపడాలి. బుల్లిరాజు మళ్లీ అన్నాడు. మళ్లీ స్కేలు. ఈసారి వాడి వేళ్ల మీద.

వాడు కూర్చుని, పక్క బెంచీలో స్టెల్లా వైపు వంగాడు. "చూసేరాండీ అక్కయ్యగారూ. చిన్నప్పుడు పలకట్లేదని కొట్టేరు. ఇప్పుడు పలుకుతున్నానని కొడుతున్నారు."

క్లాసయ్యాక సోఫీ తలుపు వేసింది. కళ్లద్దాలు తీసి ఇంగ్లీషులో, గొంతు తగ్గించి, రాజోలులో ఒక తెల్లమనిషిని అనుమానిస్తున్నానంది. తర్వాత స్టెల్లా పర్సులో ఉన్న ఫోటో చూసి ముచ్చటపడింది. పాప ఎక్కడుంటుందని అడిగింది.

"మా అమ్మ దగ్గర. పి.గన్నవరం. అక్విడక్టు వంతెన దిగగానే రెండో ఇల్లు. జ్వరంగా ఉంది పాపం."

ఇంగ్లీషులోనే చెప్పేసింది స్టెల్లా. మన మనిషే కదా అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఇనిస్టిట్యూటు సందులోంచి ఒక వ్యాను బయల్దేరింది. కొత్తపేటలో చూసినవాళ్లు చెప్పిన వ్యానే. స్టెల్లా ఆటోలో వెంబడించింది. వ్యాను ఊరి చివర కొబ్బరి కాయలు ఒలిచే షెడ్డు ముందు ఆగింది. కూలీలు భోజనాలకి వెళ్లిపోయారు. షెడ్డులో గుట్టలుగా పీచు. నేలలో పాతిన ఇనుప గునపం, మొన పైకి.

"ఆదిలక్ష్మిగారూ, దారి తప్పేరాండీ?"

వీర్రాజు. మాస్టారి పీక కోసిన లావుపాటి మనిషి. నవ్వుతూనే కత్తి విసిరాడు. ఎడమ జబ్బ చీరుకుపోయింది. స్టెల్లా డబ్బా మూత తీసేలోపు వాడు మీదకి దూకి గొంతు పట్టుకున్నాడు. గాజులు పగిలి ఇద్దరి చేతుల్లోనూ దిగాయి. కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. పిస్టల్ అందలేదు. అందింది పాలపిండి. గుప్పెడు తీసి వాడి కళ్లల్లో కొట్టింది. వాడు అరుస్తూ వెనక్కి తూలాడు. మోకాలి మీద బలంగా తన్నింది. వెల్లకిలా పడ్డాడు. గునపం వీపులోంచి దిగి బొడ్డు పైన తేలింది.

"ఎప్పుడు? ఎక్కడ?" పిస్టల్ వాడి కణతకి ఆనించింది.

"ఇవాళేనండి. నాలుక్కి. మేడంగారి గొంతుతో ఫోనొస్తదండి."

"ఏ ఊరు?"

వాడి నోట్లోంచి మాట రాలేదు. రక్తమే వచ్చింది.

జీపు కంట్రోల్ రూము వైపు దూసుకుపోతోంది. ట్రాన్స్‌మిటర్లో కబురందుకుని వచ్చిన సుందరరావు నడుపుతున్నాడు. స్టెల్లా చీర కొంగు చింపి జబ్బ బిగించి కట్టుకుని, సెల్లు తీసి ఇంటికి కొట్టింది. ఎంగేజ్. లిల్లీకి కొట్టింది. స్విచ్చాఫ్. మళ్లీ ఇంటికి. ఎంగేజ్.

"మీ అమ్మగారు ఎవరితోనైనా మాట్లాడుతున్నారేమో."

"మా అమ్మ ఫోనంటే భయపడుద్ది సార్. ఎత్తితేనే గొప్ప." మళ్లీ కొట్టింది. ఎంగేజ్.

సెల్లు ఒళ్లో పడేసి ఆమే అంది. "సార్, ఇంగ్లీషు గొంతు గుర్తుపడతారని భయపడితే ఇంగ్లీషు మాస్టారిని చంపాలి. తెలుగు మాస్టారు ఏం గుర్తుపడతారు?"

"ఏం గుర్తుపడతారు?"

"ఒకప్పుడు తన క్లాసులో కూర్చున్న పిల్లని."

జీపు ఒక్కసారి పక్కకి లాగింది. "అంటే ఆ గొంతు..."

"కొత్తపేటలో చదువుకుంది సార్. తెల్లవాళ్లని వెతకడం ఆపమనండి. మన ఊళ్ల పిల్లే. చిన్న మాటలు మింగడం కష్టపడి నేర్చుకుంది, అంతే."

కంట్రోల్ రూములోకి అడుగుపెట్టేసరికి ఫోను మోగుతోంది. ఆపరేటరు ధనరాజు రిసీవర్ ఎత్తి స్పీకర్ నొక్కాడు.

"ఓపెన్ లైన్ త్రీ ఫర కపుల మినిట్స్, అన్ వెయిట్ ఫ మై కాల్." వెంటనే ఆ రోజు కోడ్ వర్డు కూడా చెప్పింది. సరిపోయింది.

ధనరాజు చెయ్యి స్విచ్ మీదకి వెళ్లింది. "మార్గరెట్ మేడమేనండి. ఆగితే రిగ్గు లేచిపోద్దండి."

స్టెల్లా వాడి మణికట్టు పట్టుకుంది. నిజంగా మార్గరెట్ అయితే అక్కడ మనుషులు పోతారు. కాకపోతే ఇక్కడేదో ఊరు పోతుంది. ఇంగ్లీషులో పట్టుకుందామంటే ఒక్క తప్పు లేదు. మైకు దగ్గరికి వంగి, తీరిగ్గా, ఇంట్లోవాళ్లతో మాట్లాడినట్టు తెలుగులో అడిగింది.

"మేడంగారూ, లైన్ త్రీయే కదండీ తెరవమంటున్నారు?"

"ఆయ్," అంది గొంతు.

ఎన్నేళ్లు అద్దం ముందు నిలబడి నేర్చుకున్నా, పుట్టినప్పటినుంచీ నోట్లో ఉన్న ఆ ఒక్క గోదావరి ముక్క మాత్రం దానంతటదే వచ్చేసింది.

ధనరాజు చెయ్యి తీసేశాడు. అవతల చిన్న నవ్వు. ఈసారి అచ్చమైన గోదావరి తెలుగు.

"గట్టిదానివే స్టెల్లా. నన్ను సౌజన్య అనొచ్చు. సోఫీ, లిల్లీ అన్నీ విసుగొచ్చేసేయి. ఎక్కణ్ణించి మాట్లాడుతున్నానో తెలుసా? మీ అమ్మగారి హాల్లోంచి. పిల్ల నా ఒళ్లోనే ఉంది. చేతులు చాపితే వచ్చేసింది."

స్టెల్లా మైకు తన వైపు లాక్కుంది.

"పైపుకి కన్నం పెరటి వెనకే పెట్టించేను. నా పడవ రేవులో ఉంది. గ్యాసు ఇక్కడికొచ్చేలోపు నేను అవతలి గట్టున ఉంటా. స్విచ్ వెయ్యి. పిల్లని నాతో తీసుకెళ్లి ప్రాణాలతో ఇస్తా. వెయ్యకపోతే ఇప్పుడే పీక నొక్కుతా."

సుందరరావు స్టెల్లా మొహంలోకి చూశాడు. ఆమె స్విచ్ బోర్డు తాళం తిప్పి, తాళంచెవి పీకి ఆయన జేబులో పడేసింది.

"వెయ్యను," అంది మైకులో. "ఊళ్లో చాలామంది పిల్లలున్నారు."

"అయితే విను."

రూతు కెవ్వుమంది. ఆ కేక సగంలో ఆగిపోయింది.

"సౌజన్యా," స్టెల్లా అరిచింది. "మాస్టారు నిన్నేమని పిలిచేరు? ఇనిస్టిట్యూటులో చూసి, ఏమని పిలిచేరు?"

"బళ్లో పిలిచినట్టే బంగారుతల్లీ అన్నాడు. అందరి ముందూ. ముసలాడికి నోరు మూసుకోవడం తెలీదు. అందుకే వీర్రాజుతో పీక కోయించేను. ఇప్పుడు నీ పిల్ల పీక..."

మాట పూర్తవలేదు. బరువైనదేదో మెత్తటిదాని మీద పడ్డ చప్పుడు. ఇంకోసారి. మూడోసారి పడ్డప్పుడు ఎముక విరిగిన చప్పుడు కూడా వినపడింది. రిసీవర్ నేలకి కొట్టుకున్న చప్పుడు. తర్వాత ఏడుపు. పిల్ల ఏడుపు. గుక్క తిప్పుకుని గట్టిగా ఏడ్చే ఏడుపు.

"అమ్మాయ్," అంది జ్ఞానమ్మ గొంతు, రొప్పుతూ. "ఈ ఫోన్లో ఎటు మాట్లాడాలే?"

"రూతు?"

"నా చంకలో ఉంది. పీక ఎర్రగా కమిలింది గానీ ఊపిరి బాగానే ఉంది."

"ఆవిడ?"

"లేవదులే. రుబ్బురోలు పొత్రం తలమీదే పడింది. నీ ఫ్రెండునని ఇంగ్లీషులో ఏదో చెప్పి కూర్చుందమ్మా. తెలుగు రాదు కాబోలు పాపం అని, అట్లు పోద్దామని పెరట్లో పప్పు రుబ్బుతున్నాను. ఆ మాటలు ఇంగ్లీషులోనే అనుంటే నాకేం తెలిసేది? పిల్ల పీక నొక్కుతానని తెలుగులో అంది."

సుందరరావు మనుషులు పి.గన్నవరం చేరేసరికి కన్నం దగ్గర ఇద్దరు అగ్గిపెట్టెతో ఇంకా కాచుకుని ఉన్నారు. ఒకడు తుపాకీ తీశాడు, అక్కడే పడ్డాడు. రెండోవాడు గోదావరిలో దూకాడు, తూటా నీళ్లల్లో అందుకుంది.

సాయంత్రం కంట్రోల్ రూములో మళ్లీ ఫోన్ మోగింది. ధనరాజు ఎత్తాడు. లైన్ వన్ తెరవమంది ఆ గొంతే. "లైన్ వన్నే కదండీ మేడంగారూ?" అన్నాడు. "వాట్?" అని విసుక్కుంది అవతలి గొంతు. ధనరాజు దణ్ణం పెట్టుకుని లైన్ వన్ తెరిచాడు.

ఆర్కిడ్ నాయకుడు విశాఖలో ఓడ ఎక్కబోతున్నాడని అప్పుడే కబురొచ్చింది. స్టెల్లాకి ఇంటికి వెళ్లడానికి వీల్లేకపోయింది. పిల్ల ఏడుపు ఫోన్లో ఒకసారి విని జీపెక్కింది. ఇప్పటికీ తిరిగి రాలేదు.

అందుకని, మీరెవరైనా పి.గన్నవరం మీదుగా వెళ్తే, అక్విడక్టు దిగగానే రెండో ఇంట్లో ఆ పిల్లనీ, జ్ఞానమ్మగారినీ ఒకసారి చూసి రండి. పాప మెడ మీద మచ్చ పోయిందో లేదో, పొత్రం ఎత్తిన పెద్దావిడ చెయ్యి వాపు తగ్గిందో లేదో కనుక్కోండి. గుమ్మంలో నిలబడి తెలుగులోనే పిలవండి. ఇంగ్లీషులో పలకరించినవాళ్లకి ఆవిడిప్పుడు అట్లు పోయడం లేదు.