ఉప్పునీళ్లలో చెయ్యి

మాది చంద్రగిరి. నేను పాకాల హైస్కూల్లో లెక్కల అయ్యవారిని. మా ఇంటి నడిమి గదిలో నాలుగడుగుల అద్దాల తొట్టి ఒకటుంది. నా భార్య మహిత అందులో ఒక చిన్న సముద్రాన్ని పెంచింది. శుద్ధి చేసిన నీళ్లలో ఉప్పు కొలిచి కలిపి, రాళ్లు పేర్చి, ఒక్క చేప కూడా వేయకుండా మూడు నెలలు వట్టి నీళ్లకు కాపలా కాసింది. నీళ్లు పండాలి, అప్పుడే చేపలు బతుకుతాయి అనేది. ఆ తరవాతే పగడాలు వచ్చాయి, ఏడు చేపలు వచ్చాయి.

మహిత పోయి తొమ్మిది నెలలు. నాలుగు రోజుల జ్వరం, అంతే. తొట్టి నా చేతికొచ్చింది. ఉప్పు ఎక్కువ వేశానో, మేత ఎక్కువ వేశానో, చేపలు ఒక్కొక్కటే చచ్చిపోయాయి. ఏడింటిలో రెండే మిగిలాయి, నారింజ రంగు మీద తెల్ల పట్టీలవి. అవి కూడా పోతే మహిత మళ్లీ పోయినట్టే అనిపించేది.

మొన్న డిసెంబరు తుఫానుకు తెల్లవారుతూనే కరెంటు పోయింది. మోటారు ఆగితే నీళ్లు కదలవు. నీళ్లు కదలకపోతే చేపలకు గాలి అందదు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి మోటారు మధ్యాహ్నం దాకా బుడగలు వదిలి ఆగిపోయింది. స్తంభాలు పడిపోయాయి, రేపటిదాకా కరెంటు రాదని ఎవరో చెప్పారు. బ్యాటరీల కోసం వానలో బజారంతా తిరిగాను. ఒక్క అంగడీ తీయలేదు. తడిసి ఇంటికొచ్చి, మగ్గుతో నీళ్లు ముంచి పైనుంచి పోయడం మొదలుపెట్టాను. అలా పోస్తే కొంచెం గాలి కలుస్తుంది. మా అమ్మ చంద్రకాంతమ్మ అన్నం తినమని రెండుసార్లు పిలిచి, విసిగి, వాకిటి గదిలో పడుకుంది.

నాలుగు గంటలకే గది నల్లబడింది. బయట వాన చప్పుడు, లోపల మగ్గు చప్పుడు. భుజం పడిపోతోంది. అప్పుడు వాసన వచ్చింది. కుళ్లిన గుడ్డూ ఎండుచేపా కలిసినట్టు. లోపల ఏదో చచ్చింది. దాన్ని తీయకపోతే నీళ్లన్నీ విషమైపోతాయి. చేపలు రెండూ అప్పటికే పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి.

ఫోను వెలుగులో చూస్తే నీళ్లు పాలు కలిపినట్టున్నాయి. స్టూలెక్కి, చొక్కా పైకి మడిచి, చెయ్యి భుజందాకా నీళ్లలోకి దించాను. పెద్ద రాయి వెనక తడిమాను. ఇసక. జారే నాచు. మెత్తగా ఒకటి తగిలింది. చచ్చిన నత్త. తీసి బయట పడేశాను. వాసన పోలేదు.

మళ్లీ దించాను. రాళ్ల సందులో, ఇంకా లోపలికి...

వేళ్లు తగిలాయి.

పగడం అనుకున్నాను. వేళ్లలాంటి పగడాలు మా తొట్టిలో ఉన్నాయి. కానీ ఇవి వంగాయి. నా వేళ్ల మధ్యకు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. చల్లగా... గట్టిగా.

అరవబోయాను. అప్పుడు వినబడింది. గదిలో కాదు. నీళ్లకు ఆనిన నా చెవిలో.

"సెయ్యి తీయొద్దండీ."

మహిత గొంతు.

"మహితా... నువ్వేనా?"

"రవ్వంత సేపు. ఈడ ఒంటిగా ఉండాను."

నేను చెయ్యి తీయలేదు. తొమ్మిది నెలలుగా ఎదురుచూసింది ఆ చెయ్యి కోసమే కదా. చేపల్ని చంపేశానని చెప్పుకున్నాను. ఒక్కరోజు ముందే ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందని ఏడ్చాను. వేళ్లు బిగిశాయి. గొంతు ఇంకా కిందనుంచి వస్తోంది. సరిగా వినాలని వంగాను. చెంప మునిగింది. పెదాలకు ఉప్పు తగిలింది. ఇంకొంచెం వంగాను...

తెలివి వచ్చేసరికి నేల మీద ఉన్నాను. అమ్మ నా నడుము పట్టుకుని రొప్పుతోంది. నా ముక్కులోంచి, నోట్లోంచి ఉప్పునీళ్లు కారుతున్నాయి. తల మొత్తం తొట్టిలోనే ఉందట.

మరునాడు పొద్దున కరెంటు వచ్చింది. ఎలాగో చేపలు రెండూ బతికే ఉన్నాయి. అమ్మ కాఫీ తెచ్చి పక్కన కూర్చుంది. నేను పిలవనే లేదు, ఆ వానలో నీకెలా తెలిసిందని అడిగాను.

అమ్మ గ్లాసు కింద పెట్టింది.

"మహిత లేపినాది నాయనా. వంటింటి గడప కాడ నిలబడి పిల్చినాది."

ఏమన్నదని అడిగాను.

"'అత్తా, ఆయన్ని బయటికి లాగండి. ఆ తొట్లో ఉండేది నేను గాదు' అన్నాది."

ఆ రోజే చేపల్ని వలతో పట్టి తిరుపతిలో చేపలు పెంచే ఒకాయనకు ఇచ్చేశాను. మోటార్లూ, నీళ్లు వెచ్చబెట్టే హీటరూ పీకేశాను. రాళ్లు తీయాలంటే చెయ్యి పెట్టాలి, అది నావల్ల కాలేదు. గొట్టం వేసి నీళ్లన్నీ అడుగుదాకా పెరట్లోకి వదిలి, గదికి తాళం వేశాను.

వారం తరవాత తాళం తీశాను. తొట్టి అంచుదాకా నిండి ఉంది. దూరంగానే నిలబడి, చెయ్యి చాచి ఒక్క వేలు ముంచాను. నీళ్లు వెచ్చగా ఉన్నాయి... మనిషి ఒంటి వెచ్చదనం.