ఎవరికీ చెప్పొద్దన్నాడు

పొద్దెక్కినా కరుణాకర్ మాస్టారు గది తలుపు తీయలేదు.

వాకిట్లో రసూల్‌బీ, మరికొందరు ఆడవాళ్లు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. క్రిస్టీనా టీ గ్లాసుతో తలుపు తట్టింది.

"ఏమండీ, టీ చల్లారిపోతోంది."

"వద్దు. ఇటు రావొద్దు."

హెడ్‌మాస్టరుగా రిటైరైన మనిషి, చర్చి పెద్ద. భర్త గొంతు అలా వణకడం ఆమె ఎప్పుడూ వినలేదు. తలుపుకు చెవి ఆనించింది.

లోపల ఇంకో మగగొంతు. "ఢిల్లీ పోలీసులం. కెమెరా ముందు నుంచి లేవొద్దు. ఎవరికీ చెప్పొద్దు. చెప్తే నీ కూతురు ఫెబానీ అరెస్ట్ చేస్తాం. అకౌంట్లో ఉన్నదంతా వెరిఫికేషన్‌కి పంపించు."

ఆ అకౌంట్లో ఉన్నది చర్చి శ్లాబు డబ్బు. కూలికి వెళ్లేవాళ్లు తలా కాస్త వేసి, మాస్టారిని నమ్మి అప్పగించింది.

"ఫెబా! ఇటు రావే!"

డ్యూటీకి తయారవుతున్న కూతురు ఒక్క నిమిషం విని, దువ్వెన విసిరేసింది.

"దొంగ వెధవలమ్మా! నాన్నా, తలుపు తీయండి! వీడియో కాల్లో అరెస్టు చెయ్యడమనేది మన చట్టంలోనే లేదు!"

"నువ్వెళ్లు తల్లీ! నీ పేరుతో సిమ్ తీసి ఏవో పాడు పనులు చేశారట. ఒంగోల్లో నువ్వు ఏ ఆస్పత్రిలో నర్సువో కూడా చెప్పారు. నేను సర్దుతాను."

"చెప్పరా మరి? నా ఫొటో, ఆస్పత్రి పేరు ఫేస్‌బుక్‌లో పెట్టింది మీరే కదా!"

లోపలి నుంచి "పిన్ కొట్టు, త్వరగా!" అన్న కేక వినిపించింది.

క్రిస్టీనా వంటింట్లోకి పరుగెత్తింది. రెండు గుప్పెళ్ల ఎండుమిరపకాయలు పెనంలో పోసి పెద్ద మంట పెట్టింది. నల్లగా మాడి పొగ లేవగానే పెనం తెచ్చి గది తలుపు ముందు దించి, వెనక టేబుల్ ఫ్యాన్ తిప్పింది. పొగంతా తలుపు కింద సందులోంచి లోపలికి దూరింది.

"అమ్మగారూ, మాస్టారు చచ్చిపోతారు!" రసూల్‌బీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"చావరు. బయటికొస్తారు."

వచ్చారు. దగ్గుతూ, కళ్లు ధారలు కడుతుంటే, గడియ లాగి వాకిట్లోకి దూకారు. ఫెబా ఫోను లాక్కుంది. పిన్‌లో ఇంకొక్క అంకె మిగిలుంది.

తెరమీద ఖాకీ చొక్కావాడు అరిచాడు. "మేడమ్, మీరు కూడా అరెస్ట్!"

క్రిస్టీనా ఫోనులోకి మొహం పెట్టింది. "రారా అబ్బాయ్! బస్సు దిగి మాస్టారి ఇల్లేదంటే ఎవరైనా చూపిస్తారు. కాయలింకా బస్తాలకొద్దీ ఉన్నాయి!"

ఆడవాళ్లు దగ్గుతూనే పగలబడి నవ్వారు. ఫెబా కాల్ కట్ చేసి, వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చేసింది.

మాస్టారు అరుగు మీద కూలబడ్డారు. "ఊరి డబ్బంతా పోయేది. ఈ సంగతి బయటికి పొక్కనివ్వకండి. హెడ్‌మాస్టరు ఇంత తెలివితక్కువ..."

ఫెబా తడిగుడ్డతో ఆయన కళ్లు తుడిచింది. "ఎవరికీ చెప్పొద్దన్నది వాడు నాన్నా. మీరూ అదే అంటారా?"

ఆయన లేచారు. చెప్పులైనా వేసుకోకుండా చర్చికి నడిచి మైకు ఆన్ చేశారు. జరిగిందంతా చెప్పారు. తన భయాన్నీ దాచుకోలేదు.

ఇంకా చెబుతుండగానే పత్తి చేలోంచి రైతు యలమంద రొప్పుతూ చర్చిలోకి వచ్చాడు. చేతిలో ఫోను మోగడం కాదు, మాట్లాడుతోంది.

"మాస్టారూ, నాకూ వచ్చిందండీ! మావాణ్ణి పట్టుకున్నారంట. కట్ చేస్తే నన్నూ లోపలేస్తారంట!"

మాస్టారు ఆ ఫోను తీసుకుని మైకుకు ఆనించారు. "కదిలావో, అరెస్ట్!" అన్న గద్దింపు ఊరంతా మోగింది.

"అందరం వింటున్నాం సార్," అన్నారు మాస్టారు. "ఎవరెవర్ని అరెస్ట్ చేస్తారో ఒక్కొక్క పేరే చదవండి."

అవతలివాడు ఠక్కున ఫోను పెట్టేశాడు. వీధి వీధి నుంచీ ఈలలు, చప్పట్లు లేచాయి.