పది గంటల సంతకం

ఆ ఉదయం మామగారి హడావుడి చూస్తే పెళ్లికొడుకు కూడా సిగ్గుపడాలి. ఇస్త్రీ చొక్కా తొడిగారు, బూట్లకు రెండోసారి పాలిష్ పట్టించారు. నూలు మిల్లులో ఇరవై ఎనిమిదేళ్లుగా మెకానిక్కు ఆయన. స్క్రూడ్రైవర్ మొన యంత్రానికి, పిడి తన చెవికి ఆనించి జబ్బెక్కడుందో చెప్పేస్తారు కాబట్టి మిల్లులో అందరికీ ఆయన ‘డాక్టరుగారు’.

వంటింట్లో పాలు పొంగి గట్టంతా పారాయి.

“అయ్యో! మల్టీటాస్కింగ్‌లో మిస్సయ్యాను అత్తయ్యా. ఇకనుంచి ప్రోయాక్టివ్‌గా ఉంటాను” అంది కోడలు, ఒక చేత్తో ఫోనూ మరో చేత్తో గుడ్డా పట్టుకుని.

“పాలు పోయాయని చెప్పు తల్లీ, చాలు. దానికింత దండకం ఎందుకు?” అంది అత్తగారు.

కోడలికి నవ్వొచ్చింది. ఆ దండకాలు రాయడమే ఆమె ఉద్యోగం. నోరు విప్పి చెప్పలేని సంగతులు కంపెనీలకు ఉంటాయి. వాటికి పట్టుబట్టలు కట్టి పంపే ఆఫీసు ఆమెది.

“అమ్మాయ్, ఇది కాస్త చూసిపెట్టు” అంటూ మామగారు ఒక కాగితం తెచ్చారు. “నిన్న ముప్పై ఆరు మందికి ఇచ్చారు. పది గంటలకల్లా సంతకం చేసి ఇవ్వాలట. కొత్త యంత్రాలొస్తున్నాయిగా, నన్ను వాటి మీద వేస్తున్నట్టున్నారు. రాసినవాడెవరోగానీ చేయి తిరిగినవాడు!”

కోడలు చదివింది. ‘సంస్థ ట్రాన్స్‌ఫర్మేషన్ ప్రయాణంలో మీ పాత్ర నూతన అవకాశాల దిశగా పరిణామం చెందుతోంది. ఈ స్వచ్ఛంద భాగస్వామ్యానికి మీ అంగీకారం తెలుపగలరు.’

ఆ వాక్యాలు తను రాసినవే. ‘పరిణామం’ అన్న మాట కోసం పోయిన నెల ఒక సాయంత్రమంతా వెతుక్కుంది. అప్పుడు కంపెనీ పేరుండాల్సిన చోట చుక్కలే ఉన్నాయి. ఆ చుక్కల వెనక ఎవరున్నారో ఆమె అడగలేదు. మేనేజరు మెచ్చుకుంటే మాత్రం ఇంటికొచ్చి అందరికీ చెప్పుకుంది.

“ఏమిటమ్మా, పలకవు?”

“అదీ… మామయ్యా, కంపెనీ ట్రాన్సిషన్‌లో ఉంది. మీ రోల్‌ని రీఅలైన్ చేసి…”

“అవన్నీ నాకెక్కవు. ఆ యంత్రాలు నాకిస్తున్నారా లేదా?”

గోడ గడియారం తొమ్మిది దాటింది. ఆమెకి మాటల కరువు ఎప్పుడూ లేదు. ఈసారి వాటినన్నిటినీ పక్కన పెట్టింది.

“లేదు మామయ్యా. ఉద్యోగంలోంచి తీసేస్తున్నారు. సంతకం పెడితే మీ అంతట మీరే మానేసినట్టు అవుతుంది. తర్వాత అడిగే హక్కు కూడా ఉండదు.”

మామగారు స్టూలు మీద కూర్చుండిపోయారు. ఒక బూటు లేసు ఇంకా కట్టుకోలేదు.

“ఇంత వంకర రాత రాసిన చేతులు పడిపోను!” అంది అత్తగారు కళ్లు తుడుచుకుంటూ.

“ఆ చేతులు నావే అత్తయ్యా.”

స్టవ్ మీద మాడిన పాల వాసన వస్తోంది. కట్టేద్దామని ఎవరికీ తోచలేదు.

“నువ్వా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టావా?” అత్తగారి గొంతు పైకి లేచింది.

“మామయ్య మిల్లని నాకు తెలీదు!”

“ఇంకెవరి మామయ్యదో అయితే ఫరవాలేదా?”

కోడలు వెక్కి వెక్కి ఏడ్చింది.

మామగారు భార్యను చేత్తో వారించారు. ఆయనకి కోపం రాలేదని కాదు. కానీ గొంతు మాత్రం మిల్లులో కుర్రాళ్లకి పని నేర్పేటప్పటి గొంతే.

“బేరింగు పోతే మేం పోయిందనే అంటాం తల్లీ. ఆ మాట కటువుగా ఉందని ఇంకోలా చెప్పామనుకో, బాగానే ఉందనుకుని ఎవడో చెయ్యి పెడతాడు. చెయ్యి పోతుంది.” కాగితం తిప్పి, జేబులోని పెన్ను ఆమె ముందు పెట్టారు. “మిగతా ముప్పై ఐదుగురూ నాలాగే సంబరంగా తయారై వస్తుంటారు. వాళ్లకి అర్థమయ్యేలా రాయి.”

ఆమె కళ్లు తుడుచుకుని పెద్ద అక్షరాలతో రాసింది: ‘ఇది మిమ్మల్ని పనిలోంచి తీసేసే కాగితం. సంతకం పెట్టకండి.’ ఇంత చిన్న ఉత్తరం ఆమె ఎప్పుడూ రాయలేదు. కింద తన పేరు రాయబోతే ఆయన పెన్ను పట్టుకున్నారు.

“వద్దమ్మా. నీ ఉద్యోగం పోతుంది.”

“పోతే పోయిందనే అందాం మామయ్యా.”

పేరు రాసేసింది. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత వంగి లేసు కట్టుకుని, స్కూటర్ తాళాలు తీసుకున్నారు.

“రా. గేటు దగ్గర నువ్వే చదువుదువుగాని.”

గుమ్మం దాటుతుంటే అత్తగారు వెనక నుంచి వచ్చి, ముఖం అటు తిప్పుకునే, ఆమె చేతిలో మంచినీళ్ల సీసా పెట్టింది.

“ఏడ్చి గొంతు పోయింది. తాగి చదువు. గట్టిగా చదువు.”