ఐరీన్ హోటల్లో దీపం

రండి, ఇంకాస్త దగ్గరకు జరగండి. వెనకాల నిలబడ్డవాళ్లూ వచ్చి కూర్చోండి, చోటుంది. ఇది నేను చూసింది కాదు, ఆ రాత్రి అక్కడున్న ఆర్డిత్ నోట విన్నది. ప్రభువు సాక్షిగా ఒక్క ముక్క కలపను... సరే, ఒకటో రెండో కలుపుతానేమో.

మన నెబ్రాస్కాలో, మొక్కజొన్న చేల మధ్య, రెండు మట్టిరోడ్లు కలిసేచోట ఐరీన్ హోటల్ ఉంది కదా. ఏడేళ్ల కిందట, దాన్ని నడిపే ఐరీన్ అక్కడి పొయ్యి దగ్గరే కుప్పకూలి చనిపోయింది. హోటల్ మూతబడింది. ఆ తర్వాతే దానికి చెడ్డపేరు మొదలైంది. చీకటి పడితే కిటికీలో దీపం కనిపిస్తుందట. ఉల్లిపాయలు వేగుతున్న వాసన వస్తుందట. విత్తనాలమ్మే ఆయనెవరో కిటికీలోంచి తొంగిచూస్తే — తల లేదు, కాళ్లు లేవు, వంటగది చీకట్లో తెల్లటి ఏప్రన్ ఒక్కటే అటూ ఇటూ తిరుగుతోందట. ఆయన కారు తలుపు కూడా సరిగ్గా వెయ్యకుండా పారిపోయాడు.

ఆ అక్టోబరు శుక్రవారం ఆర్డిత్ కారు నడుపుతోంది. పక్కన మేబెల్. అరవై ఏళ్ల స్నేహం వాళ్లది. తెల్లారితే మేబెల్‌ని కూతురొచ్చి ఒమాహాలో వృద్ధాశ్రమానికి తీసుకెళ్లిపోతుంది. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మేబెల్ సరిగ్గా తినడం లేదు. ఈ ఒక్క పూటైనా దాన్ని బల్ల ముందు కూర్చోబెట్టి, వేడివేడిగా కడుపునిండా తినిపించి పంపాలని ఆర్డిత్ పంతం.

కానీ ఎక్కడ తినడం? శుక్రవారం సాయంత్రం, మన పిల్లల ఫుట్‌బాల్ ఆట వేరే ఊళ్లో. ఊరు ఊరంతా బండ్లెక్కి పోయింది. బార్లో పొయ్యి ఆర్పేశారు. పక్క ఊళ్లో పిజ్జా కొట్టుకు తాళం, తలుపు మీద చీటీ — ‘ఆటకు వెళ్లాం’. ఆ పై ఊళ్లోనూ అదే చీటీ.

"బంకులో ప్లాస్టిక్ చుట్టిన బ్రెడ్డు దొరుకుతుందిలే," అంది మేబెల్. "నాకు ఆకలి కూడా లేదు."

"నోర్ముయ్యవే. అరవై ఏళ్లు నాతో తిని, ఈ పూట బంకులో నిలబడి తింటావా?"

అప్పుడు కనిపించింది... ఐరీన్ హోటల్ కిటికీలో దీపం.

ఆర్డిత్ బ్రేకు వేసి, అద్దం దించింది.

"వద్దే," గుసగుసలాడింది మేబెల్. "పోనియ్యి."

"దీపముంది. వాసనొస్తోంది. ఇంకేం కావాలి?"

"అది దెయ్యం."

"ఉండనీ. నాకు డెబ్బై ఎనిమిది. నన్ను భయపెట్టాలంటే దానికి చాలా ఓపిక కావాలి."

మేబెల్ చెయ్యి పట్టుకుని దింపి, వెళ్లి తలుపు తట్టింది. లోపల చప్పుడు ఆగిపోయింది... దీపం ఆరిపోయింది.

ఆర్డిత్ ఒక అడుగు వెనక్కి వేసింది. కానీ మేబెల్ చెయ్యి తన చేతిలో ఉంది. ఇప్పుడు వెనక్కి తిరిగితే దీన్నింకెక్కడికి తీసుకెళ్లను అనుకుంది. తలుపు తోసింది. చీకట్లో తడుముకుంటూ ఒక బల్ల దగ్గర మేబెల్‌ని కూర్చోబెట్టి, పక్కన తానూ కూర్చుంది.

వంటగదిలో ఒక అడుగు... ఇంకో అడుగు...

గుమ్మంలో తెల్లగా ఏదో నిలబడింది. తల లేదు.

ఆర్డిత్ అరవలేదు. చేతులు జోడించింది — కళ్లు మాత్రం మూయలేదు. "ప్రభువా, ఈ పూట భోజనానికి స్తోత్రం. వండినవాళ్లను దీవించు." ఆ తెల్లటిదాని వైపు తిరిగింది. "బతికున్నా సరే, చచ్చినా సరే... ఇక్కడ కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చి కూర్చో."

ఆ తెల్లటిది గుమ్మాన్ని ఆనుకుంది. తర్వాత... ఏడుపు వెక్కిళ్లు.

అగ్గిపుల్ల గీసుకుంది. లాంతరు వెలిగింది. నల్లచొక్కా మీద పెళ్లాం ఏప్రన్ కట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ ఐరీన్ మొగుడు ఓర్విల్.

"నువ్వేనా అయ్యా," అంది ఆర్డిత్.

"ఇంట్లో నా ఒక్కడికే వండుకోబుద్ధి కాదు. ప్రతి శుక్రవారం ఇక్కడికొచ్చి ఎనిమిదిమందికి వండుతా, ఆమె వండినట్టే. ఎవరైనా తలుపు తడతారేమోనని చూస్తా."

"మరి తడితే దీపం ఎందుకార్పావు?"

"ఏడేళ్లలో తట్టింది నువ్వే." ఓర్విల్ తల దించుకున్నాడు. "భయమేసింది."

మేబెల్ నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. ఉల్లిపాయలేసి వండిన గొడ్డుమాంసం, మెదిపిన బంగాళదుంపలు వచ్చాయి, ఓర్విల్ కూడా కూర్చున్నాడు. మేబెల్ తినేసి, మళ్లీ పళ్లెం చాపింది. ఆర్డిత్ మొహం తిప్పుకుని ముక్కు చీదుకుంది.

"మంగళవారం ఏం వండావు?" నములుతూ అడిగింది మేబెల్. "ఆస్పత్రి నుంచి వస్తూ చూశా, దీపం వెలుగుతోంది."

ఓర్విల్ చెంచా ఆగిపోయింది. "మంగళవారమా?... నేను శుక్రవారం తప్ప రాను."

వంటగదిలో గిన్నె మీద మూత దానంతటదే మెల్లగా... సర్దుకుంది.

ఆర్డిత్ లేచింది. నాలుగో కుర్చీ బల్లకు దగ్గరగా లాగింది. పళ్లెం పెట్టింది. "ఐరీన్, కూర చల్లారిపోతోందమ్మా," అంది వంటగది వైపు. "రా."

నా తల్లుల్లారా, తండ్రుల్లారా, మిగతాదంతా మరిచిపోయినా పర్వాలేదు. ఆర్డిత్ తలుపు తట్టి, లోపలున్నవాళ్లను తన బల్ల దగ్గరకు పిలిచింది — ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. ఈ వారం మీరూ ఒక తలుపు తట్టండి. తీసేది ఎవరైనా సరే.