యువరాణి దూకిన దూరం

యువరాణి, హరిహరన్ మొదటిసారి ఎదురుపడింది విరుదునగరంలో, మూతబడిన ఒక పప్పు మిల్లు ఆవరణలో. ఎదురుపడిన నిమిషంలోనే ఇద్దరికీ చెడింది.

ఆ మిల్లులో రెండు గోదాములు ఎదురెదురుగా ఉన్నాయి. రెండింటి ముందూ సిమెంటు అరుగులు. మధ్యలో ఒకప్పుడు లారీలు వచ్చి నిలిచిన దారి. స్కేట్‌బోర్డు మీద ఒక అరుగు నుంచి రెండో అరుగుకు ఎగిరి ఆ దారిని దాటాలని యువరాణి పంతం. దాటితే రాష్ట్ర రికార్డు ఆమెది. ఇప్పటిదాకా అది హరిహరన్‌ది. రేపు మిల్లు పడగొట్టేస్తారు కాబట్టి ఆమెకు ఉన్నది ఈ ఒక్క సాయంత్రమే.

కోవిల్‌పట్టిలో తోటి పిల్లలంతా హాకీ కర్రలు పట్టుకుని తిరిగిన వయసులో ఆమె స్కేట్‌బోర్డు ఎక్కింది. ఇప్పుడు అక్కడే ఒక స్కూల్లో ఆటల టీచరు. ఇంట్లో అందరూ వద్దన్నా, అవ్వ తాయమ్మాళ్ మాత్రం వేరుశెనగపప్పు, బెల్లం కలిపి చేసే కడలమిఠాయి పొట్లం పట్టుకుని తోడొచ్చింది.

పాత రికార్డు ఉన్నవాడు సాక్షిగా ఉంటే మంచిదని హరిహరన్‌ను పిలిపించింది రికార్డు సంస్థ మనిషి దామోదరసామి. హరిహరన్ వచ్చీ రాగానే ఆమె ఎగరబోయే చెక్క ర్యాంపు చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు. ఇది మరీ నిటారుగా ఉంది, పైకి విసురుతుందే తప్ప ముందుకు తీసుకుపోదు, అవతలి అరుగు అందదు అని తమిళంలో చెప్పాడు.

యువరాణి అతనికి ఒక చల్లని నవ్వు పారేసి, అవ్వ వైపు తిరిగి ఇంటి తెలుగులో అందుకుంది.

“చూస్తివా అవ్వా. రికార్డు పోతుందని వానికి కడుపుమంట. మొగం చూడు, ఉప్పులేని కూడు తిన్నట్టుండాది.”

అవ్వ పరీక్షగా చూసి, మొగం బాగానే ఉండాదే అంది.

“మా ఇంట్లో ఉప్పు సరిగానే ఏస్తారు అవ్వా,” అన్నాడు హరిహరన్, తలెత్తకుండా, అదే తెలుగులో.

యువరాణి చెవులు భగ్గుమన్నాయి. అయినా తగ్గలేదు. ర్యాంపును వేలెడంత కూడా కదిలించనంది.

హరిహరన్ శ్రీవిల్లిపుత్తూరు వైపు నుంచి నల్లగా తరుముకొస్తున్న మబ్బును ఒకసారి చూసి, బైకుకు కట్టుకొచ్చిన తన బోర్డు విప్పాడు. లెక్కలోకి వద్దు, ముందు నేను దూకి చూస్తానన్నాడు. దామోదరసామి వద్దంటూనే ఉన్నాడు, అతను ర్యాంపు వెనక జారుకుంటూ రావడానికి ఏటవాలుగా కట్టిన పరంజా ఎక్కేశాడు.

జారుతూ వచ్చి, ర్యాంపు అంచు దాటి లేచాడు. గాలిపటంలా పైపైకే లేచాడు. అక్కడి నుంచి ఇక ముందుకు సాగలేదు. బోర్డు ముక్కు అవతలి అరుగు అంచుకు తగిలి ఫట్‌మని విరిగింది. మనిషి లారీ దారిలో పరిచిన పాత పరుపుల మీద పడ్డాడు.

తనెప్పుడు కిందికి దూకిందో యువరాణికే తెలియదు. అతని మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది.

“పైత్యమా నీకు? ఏమిటికి దూకితివి?”

“చెప్తే నమ్మలేదు గదా. చూపిస్తిని.”

“నా రికార్డుకు నువ్వేమిటికి పడేది?”

“రికార్డు తీసుకో. పడి కాదు, దాటి తీసుకో.”

ఆమె సుత్తి తెచ్చి అతని చేతికిచ్చింది. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని ర్యాంపు కింది దిమ్మెలు తీసి వాలు తగ్గించారు. పని మధ్యలో అతను, దూకేటప్పుడు కుడికాలు ఆలస్యంగా లేపే అలవాటు మానుకోమన్నాడు. నీకెట్ల తెలుసని ఆమె నిలదీసింది. ఆమె వీడియోలన్నీ చూశానని, స్కూలు పిల్లకాయలతో పోట్లాడినవి కూడా వదల్లేదని ఒప్పుకున్నాడు. ఆమె పట్టుకున్న మేకు పక్కకు ఒరిగింది.

అంతలో చెక్క మీద మొదటి చినుకు పడింది. చెక్క తడిస్తే చక్రం జారుతుంది, ఆపేద్దామన్నాడు దామోదరసామి. ఆయన మాట పూర్తయ్యేసరికి యువరాణి పరంజా పైన ఉంది. హరిహరన్ అవతలి అరుగు దగ్గరికి పరుగెత్తాడు. అవ్వ నోట్లో మిఠాయి నోట్లోనే ఆగిపోయింది.

చక్రాలు గలగలమన్నాయి. యువరాణి లేచింది. ఈసారి పైకి కాదు, ముందుకు, ఇంకా ముందుకు. జడ గాల్లో నిలువునా లేచింది. కింద లారీ దారి మొత్తం వెనక్కి పోయింది. చక్రాలు అవతలి అరుగు మీద ధడాలున వాలాయి. ఒక కాలు జారింది, ఒళ్లు ఊగింది, మోకాళ్లు నేలకు తగలబోయాయి. తగల్లేదు. నిలబడింది.

ఆకాశం చిల్లుపడినట్టు వాన దిగింది. దామోదరసామి ఆ వానలోనే టేపు పట్టి కొలిచి, రికార్డు ఆమెదేనన్నాడు. అవ్వ కుర్చీ వదిలేసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

అందరూ గోదాము చూరు కిందికి చేరారు. ఊపిరి అందని నవ్వుతో యువరాణి హరిహరన్ పక్కన నిలబడింది.

“నీది తీసుకుంటిని. కోపమా?”

“కోపమే. ఇంక ఏమి సాకు చెప్పి నిన్ను చూసేదానికి వచ్చేది?”

“సాకు లేకుండా రావాలని నీకు తోచలేదా?”

అతను బదులు చెప్పేలోగా అవ్వ అడ్డొచ్చింది. “ఏమబ్బా, మీ ఇంటిపేరేమి?”

ఇద్దరి నవ్వులూ ఆగిపోయాయి. ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ల వరస. అంత దూరం గాల్లో ఎగిరినప్పుడు ఎండని నోరు ఇప్పుడు ఎండింది యువరాణికి.

“అడపావారు, అవ్వా,” అన్నాడు హరిహరన్ మెల్లగా.

అవ్వ వేళ్లు మడుస్తూ చుట్టరికాలు వెతికింది. మనసులోనే ఎట్టయాపురం పక్కకు పోయి, తిరుచ్చులి మీదుగా తిరిగొచ్చింది. వాన కూడా ఆమె జవాబు కోసం కాచుకున్నట్టు సన్నబడింది.

“మనము మల్లెలవారము గదా,” అంది చివరికి తీరిగ్గా. “నీకు మామ వరస అవుతాడే, చేసుకునే వరసే.”

యువరాణి నవ్వు కనపడకుండా వాన వైపు మొగం తిప్పుకుంది. తర్వాత నడుముకు చుట్టుకున్న చున్నీ కొస చించి, అతని చెయ్యి అందుకుంది.

“ఇట్లా రా మామా,” అంది. “కట్టు కడతాను.”