ఐదిండ్ల బియ్యం

రెండో పీరియడ్ సగంలో ఉండగా అమ్మ స్కూలు గేటులోంచి పరుగెత్తుకొచ్చింది.

ఆరో తరగతి కిటికీలోంచి దీప్తి చూసింది. వాళ్లమ్మ నవనీత మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పని చేస్తుంది. ఆమె జుట్టు నిండా తవుడు. కాళ్లకు చెప్పులు లేవు.

“నా కొడుకు రాలేదని ఫోన్ చేసిన్రు. పొద్దుగాల్నే పంపిన సారూ. ఏడికి పోయిండు?” అని హెడ్‌మాస్టర్‌ను అడుగుతోంది.

తమ్ముణ్ని ఒకటో తరగతిలో కూర్చోబెట్టి వచ్చింది దీప్తే. వెంటనే పరుగెత్తి వెళ్లి అమ్మను ఆ గదికి తీసుకెళ్లింది.

తమ్ముడు ముందు బెంచీ మీదే ఉన్నాడు. చిలక బొమ్మకు రంగు వేస్తున్నాడు.

“భిక్షపతీ అని మూడుసార్లు పిలిచాను. ఎవరూ పలకలేదు,” అంది విజయ టీచర్. వాడు బడిలో చేరి రెండు రోజులే అయింది. ఆమెకు ఇంకా పిల్లల ముఖాలు గుర్తులేవు.

“నా పేరు భరత్ కదా,” అన్నాడు వాడు. “అక్క గట్లనే చెప్పమన్నది.”

దీప్తి తల దించుకుంది. నిన్న ఆమె స్నేహితురాలు రోజా వాడి పలక మీద పేరు చదివి, “బిచ్చమెత్తుకుంటడా వీడు?” అని నవ్వింది. అందుకే ఇంటికి వెళ్లే దారిలో దీప్తి వాడికి కొత్త పేరు నేర్పింది.

అమ్మ నేల మీద కూలబడి కొడుకును ఒళ్లోకి లాక్కుంది. చాలాసేపు వదల్లేదు.

సాయంత్రం అమ్మ పొయ్యి వెలిగించలేదు. గడప మీద కూర్చుండిపోయింది. దీప్తి వెళ్లి పక్కన కూర్చుంది.

“తప్పయింది అమ్మా. ఆ పేరు వింటే అందరు నవ్వుతున్నరు. ఎందుకు పెట్టిన్రు?”

“నీ తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టిన్రు బిడ్డా. ఒకడు తొమ్మిది రోజులున్నడు. ఇంకొకడు పన్నెండు.”

ఈ సంగతి దీప్తికి ఎవరూ చెప్పలేదు.

“వాళ్ల పేర్లేంది?”

“పేరు పెట్టేది ఇరవై ఒకటో నాడు కదా. అందాక వాళ్లు లేరు.”

వాకిట్లో ఆడుకుంటున్న కొడుకు వైపు చూసింది అమ్మ.

“వీడు పుట్టినంక మీ నాయనమ్మ చెప్తే, వీణ్ని ఎత్తుకొని ఐదిండ్ల ముందర కొంగు పట్టిన. తలా గుప్పెడు బియ్యం పోసిన్రు. అడుక్కొని తెచ్చుకున్న బిడ్డ దక్కుతడని పెద్దలంటరు. నిజమో కాదో నాకు తెల్వదు. భయంతోటి అడిగిన. శివుడు గూడ భిక్షమడిగిండంట. భిక్షపతంటే ఆయన పేరే. ఇయ్యాల ఆ ఫోన్ రాంగనే...”

దీప్తి అమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

మర్నాడు దీప్తి తమ్ముడి చేయి పట్టుకుని ఒకటో తరగతికి వెళ్లింది.

“టీచర్, వీని పేరు భిక్షపతే. నేనే అబద్ధం నేర్పిన,” అంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర రోజా వచ్చి అక్కాతమ్ముళ్ల పక్కన కూర్చుంది. “మీరు ఇద్దరేనా పిల్లలు?” అని అడిగింది.

దీప్తి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“నలుగురం,” అంది మెల్లగా. “ఇద్దరు తమ్ముళ్లు పేరు పెట్టకముందే పోయిన్రు.”

రోజా తినడం ఆపి ఆమె ముఖంలోకి చూసింది.

“అందరికంటే చిన్నోడు వీడు,” అంటూ దీప్తి తమ్ముడి తల నిమిరింది. “భిక్షపతి.”